మా వేసవి

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యను గూర్చియో ఐకమత్యమును గూర్చియో మాటలాడుడని కార్యదర్శిగారు మమ్ము కోరియుండిరి. ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి 2018వ సంవత్సరమున ఉద్యోగమునుండి విరమించినవారము గనుక, విద్యను గూర్చి మాకేదియో తెలిసియుండునని వారి యభిప్రాయము కావచ్చును. ఆ రెండు విషయములను గూర్చియు మన సభలలో ప్రతివర్షమును వినుచునే యున్నాము. మేమును ఈ వేదికమీదనుండియే రెండుసార్లు చెప్పియున్నాము. చెప్పినదానివలన ఐకమత్య మెంత హెచ్చినదో మాకు తెలియదు. కావున ఈ పర్యాయము వారి యనుమతితోడనే 2024వ సంవత్సరపు వేసవిని మేము గడపిన విధమును విన్నవింప నెంచితిమి. మేమనగా మేమును మా ధర్మపత్నియును. వినోదమునకై చెప్పు కథవలె ఇది మొదలగునుగాని, ఇందు సంఘమునకు మేము చేయవలసిన మనవి యొకటి కలదు. దానిని వచ్చినచోట చెప్పెదము.

మాది పాలకొల్లునకు నాలుగు మైళ్ల దూరమున కాలువగట్టు నంటియున్న పల్లె. మా కుమారుడు హైదరాబాదునందును, కుమార్తె అమెరికాదేశమునందును కాపురములు చేయుచున్నారు. తల నెరసి, మనుమని ముఖము చూచిన గృహస్థుడు భార్యను పుత్రుల కప్పగించియైనను, వెంటగొనియైనను వనమునకు బోవలయునని మనువు విధించెను. అప్పగించుటకు మాకు పుత్రుడు చేరువలో లేడు. పోవుదమన్నచో మా ప్రాంతమున కొబ్బరితోటలును రొయ్యలచెరువులును తప్ప వనమును లేదు. అందుచేత మా వానప్రస్థము ఇంటి వీథియరుగుమీదనే సాగినది. తొలి యైదేండ్లు వార్తాపత్రికను మొదటి యక్షరమునుండి తుదివరకు చదువుట, భోజనము చేయుట, నిద్రించుట, సాయంకాలము టెలివిజను ముందు కూర్చుండుట, ఇంతకంటె మేము చేసినది లేదు. దాని ఫలముగా మా రక్తమున చక్కెరయు, మా గృహిణికి మోకాళ్లనొప్పియు ప్రవేశించినవి.

వైద్యుడు నడువుమనెను. నడచుటకు ఆమె మోకాళ్లు సమ్మతింపలేదు. బరువు మోకాళ్లమీద పడని వ్యాయామము సైకిలు త్రొక్కుటయని ఆయనయే చెప్పెను. అరువదియైదేండ్లు దాటినవారు సైతము వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయవలయుననియు, తూలిపడకుండ నిలద్రొక్కుకొను అభ్యాసము వారమునకు మూడుదినములైన నుండవలయుననియు ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2020వ సంవత్సరమున సూచించియున్నారట.

ఇచట ఒక మాట. పండితులు ఈ యంత్రమునకు ద్విచక్రికయని పేరిడియున్నారు. పేరు నిర్దుష్టముగనే యున్నది. కాని ద్విచక్రిక చక్రమున వాయువు తగ్గినదని చెప్పినయెడల మా యూరి మరమ్మతు దుకాణపు కుఱ్ఱవానికి బోధపడదు. కావున సైకిలనియే యనుచున్నాము.

1983వ సంవత్సరమున మేము కొన్న అట్లాసు సైకిలు పశువులపాక దూలమునకు వ్రేలాడుచుండెను. ట్యూబులును బ్రేకులును మార్పించి దానిని మరల నేలమీదికి దింపితిమి. మా గృహిణి విషయము వేరు. ఆమె యెన్నడును సైకిలెక్కి యెరుగదు. ఆమె పుట్టినింట బాలికలు సైకిలు త్రొక్కరాదను నియమముండెను. అద్దె సైకిలుమీద తమ్ముడు పోవుచుండగా సీటు పట్టుకొని వెనుక పరుగెత్తుట మాత్రమే తన వంతు అయ్యెనని ఆమె యిప్పటికిని చెప్పుచుండును. అరువదియొకటవ యేట నేర్చుకొనెదనని ఆమె యనినప్పుడు మేము నవ్వితిమి. నవ్వినందుకు చింతించుచున్నాము. మార్చినెలలో తెల్లవారకమునుపే ఊరి పాఠశాల ఆటస్థలమునకు పోయి, అడ్డుకడ్డీ లేని చిన్నసైకిలు నొకదానిని సంపాదించి, ఈసారి సీటు పట్టుకొని వెనుక పరుగెత్తు వంతు మాదయ్యెను. పదునెనిమిదవ నాడు ఆమె మా చేయి విడిపించుకొని తానై పోయినది. ఆపుట యెట్లో చెప్పుట మేము మరచితిమి, గడ్డివామి ఆపినది.

ఊరివారికి ఇది కొన్నాళ్లు కాలక్షేపమయ్యెను. మన బంధువులలోనే కొందరు, "మాష్టారుగారికి పింఛను చాలటం లేదు కాబోలు, కారు కొనలేకపోయారు" అనిరట. వారికి మేము సమాధానము చెప్పలేదు. మీకు చెప్పెదము. రుష్యాదేశపు మహారచయిత టాల్‌స్టాయి తన చిన్నకుమారుడు గతించిన 1895వ సంవత్సరముననే, అరువదియేడవ యేట, సైకిలు త్రొక్క నేర్చుకొనెను. ఆ వత్సరముననే వివాహమాడిన క్యూరీదంపతులు పెండ్లికానుకగా వచ్చిన ధనముతో రెండు సైకిళ్లు కొని ఫ్రాన్సుదేశమున పల్లెత్రోవల విహరించిరి. అంత దూరమేల? పొరుగున తమిళదేశమందలి పుదుక్కోట్టై మండలమున 1990వ దశకపు తొలినాళ్లలో అక్షరాస్యతోద్యమముతోపాటు వేలకొలది పల్లెపడుచులు సైకిలు నేర్చిరి. వ్యవసాయకూలీలును రాళ్లు కొట్టువారును అందుండిరి. వారి బిడియము తీరిన విధమును చదివి వినిపించినప్పుడు మా గృహిణి, "గడ్డివాములు అక్కడ లేవేమో" అనెను.

ఏప్రిల్ మాసమునుండి నిత్యమును అయిదుగంటలకు బయలుదేరి ఏడున్నరలోపల ఇల్లు చేరుట నియమముగా పెట్టుకొంటిమి. కాళిదాసు ఋతుసంహారమును గ్రీష్మముతోనే యారంభించెను గాని, రోహిణికార్తెలో పాలకొల్లు రోడ్డుమీద తొమ్మిదిగంటలకు సైకిలు త్రొక్కినచో ఆ మహాకవియు వర్షఋతువుతో మొదలిడియుండునని మా యూహ. మా త్రోవ కాలువగట్టు. కాటనుదొర ధవళేశ్వరమున 1847 మొదలు 1852 వరకు కట్టించిన ఆనకట్ట చలవవలన ఈ డెల్టా అన్నపూర్ణయైనదని పాఠశాలలో ఎన్ని పర్యాయములు చెప్పితిమో లెక్కలేదు. కాని ఆ నీరు మా యింటిముందునుండి ఎచటికి బోవునో, ఏ బోదె ఏ పొలమునకు తిరుగునో మేము గట్టుమీద చూచినది ఈ వేసవియందే. అందును నీరు లేనప్పుడు చూచితిమి. ఏప్రిల్ నడుమ మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురుగదా! అడుగు బయటపడిన కాలువలో లాకుల తలుపులకు తారు పూయుట, పూడిక తీయుట, పిల్లలు బురదలో చేపలు పట్టుట చూచుచు పోవుచుంటిమి. ఒకనాడు మార్టేరుదాక పోయి, 1925లో స్థాపితమైన వరిపరిశోధనస్థానమును వెలుపలినుండియే చూచి వచ్చితిమి. స్వర్ణయను ధాన్యము పుట్టినయిల్లు అది.

ఇక పెరడు. కాలువ కట్టివేసిన కాలమున మాకు నీరు బంగారము. నూతినీరు ఉప్పన. త్రాగునీటికై పంచాయతీవారు ముందుగా నింపియుంచు మంచినీటి చెరువే గతి. అట్టి వేసవిలో ఆరుసెంట్ల పెరటిలో పాదులు పెంచుట తెలివిగలవారి పనికాదని పొరుగువారనిరి. వరాహమిహిరుడు బృహత్సంహితయందు వృక్షాయుర్వేదమని యొక యధ్యాయము వ్రాసెను. నాటిన మొక్కకు గ్రీష్మమున ఉదయసాయంకాలములు రెండింటను, శీతకాలమున దినము విడిచి దినమును, వర్షాకాలమున నేల యెండినప్పుడు మాత్రమును నీరు పోయవలయునని అందున్నది. విధి బాగుగనే యున్నది, నీరెక్కడిది? అందుచేత కుండలను ఆశ్రయించితిమి. కాల్చిన మట్టికుండను మూతిమట్టునకు పాతిపెట్టి, చుట్టును నాలుగు గింజలు నాటి, కుండనిండ నీరు పోసి మూకుడు కప్పవలయును. మట్టిగోడనుండి చెమర్చిన తేమను వేళ్లు వెదకికొని త్రాగును. మూడుదినముల కొకసారి నింపిన చాలును. రెండువేల యేండ్లకు పూర్వపు చీనాదేశపు కృషిగ్రంథమునందే ఈ యుపాయమున్నదట. పాదుల మొదళ్ల చుట్టు కొబ్బరిపీచును ఎండుటాకులను కప్పితిమి. బియ్యము కడిగిన నీరు మొదలు స్నానపు నీటివరకు పెరటికే.

ఫిబ్రవరిలో పెట్టిన గింజలు ఏప్రిల్ మాసమున ఫలించినవి. బీర, కాకర, పొట్ల పందిరిమీదను, బెండ, తోటకూర క్రిందను. పొట్లపిందె వంకర తిరుగకుండ కొసను చిన్నరాయి కట్టుట మా గృహిణి పని. శిష్యుల విషయమున మేము చేసినదియు అంతకంటె హెచ్చుకాదని ఆమె పరిహాసము. ఇద్దరికి ఎన్ని కాయలు కావలయును? మే నెల వచ్చునప్పటికి ఇల్లంతయు బీరకాయలే.

కథ మలుపు తిరిగినది ఈ బీరకాయలవలననే. గట్టువెంబడి పోవుచుండగా ప్రతి యూరిలోను మన బంధువుల యిండ్లు కొన్ని కలవుగదా. పలుకరించి పోవుదమనిన, పెద్దలయింటికి రిక్తహస్తములతో పోరాదని మా గృహిణి నియమము. క్యారియరుకు సంచి కట్టి నాలుగేసి కాయలు వేసికొని పోవుట మొదలుపెట్టితిమి. ఆ సంవత్సరము మే 13వ తేదీని మన రాష్ట్రమున ఎన్నికలు జరిగినవి. తెల్లవారుసరికి సైకిళ్లమీద వచ్చి కూరలు పంచు దంపతులను చూచి జనులేమనుకొందురు? ఒకచోట వృద్ధుడు కాయలు పుచ్చుకొని, గుట్టుగా దగ్గరకు వచ్చి, "ఇంతకీ గుర్తేమిటి మాష్టారూ?" అని యడిగెను.

అయ్యలారా! ఇరువది సంవత్సరములు మేము ఈ సంఘపు కార్యవర్గమున నుంటిమి. ఆహ్వానపత్రికలు పంపినాము, చందాలు వ్రాసికొన్నాము, రసీదులు చింపి యిచ్చినాము. ఈ చుట్టుప్రక్కల మన కుటుంబము లెన్నియో చిరునామాలతోసహా చెప్పగలము. కాని ఆ తలుపులు తెరచి లోన చూచినది ఈ వేసవియందే. మేము పోయినవి ముప్పదియొక్క యిండ్లు. అందు పదునాలుగింట వృద్ధులు తప్ప మరెవ్వరును లేరు. 2011 జనాభాలెక్కలయందు భారతదేశమున అరువదియేండ్లు దాటినవారు పదికోట్లకు పైబడిరని చదివి, అది దేశసమస్యయని తలంచితిమి. మన తల్లిదండ్రులును ఆ లెక్కలోనివారే. పిల్లలు చెడ్డవారు కారు. డబ్బు పంపుచున్నారు, పనిమనిషిని పెట్టినారు, దినమున కొకసారి ఫోనున ముఖము చూపుచున్నారు. తల్లిదండ్రుల పోషణకై 2007లో వచ్చిన చట్టము వీరి జోలికి వచ్చు నవసరమే లేదు. ఇంత యున్నను ఆ యిండ్లలో మా సైకిలుబెల్లు వినబడగనే కుర్చీలు తుడిచిన తొందరను మేము మరువజాలము.

అందొక పెంకుటింట తొంబదికి చేరువైన అమ్మగారు కలరు. ఆమె భర్తగారి పేర మన విద్యార్థులలో సంస్కృతమున ప్రథముడైనవానికి ఏటేట ఈ వేదికమీద బహుమాన మిచ్చుచున్నాము. సొమ్ము వారి కుమారుడు బ్యాంకుద్వారా పంపుచుండును. ఆమె మాకు మజ్జిగ యిప్పించి మొట్టమొదట అడిగిన ప్రశ్న ఇది: "ఈ యేడు బహుమతి ఎవరికొచ్చింది బాబూ? ఎవరి పిల్లాడు?" ఆ బహుమానమును స్వహస్తములతో అందిచ్చిన మాకు ఆ బాలుని పేరు జ్ఞప్తికి రాలేదు. పదునాలుగేండ్లుగా ఎవ్వరును వచ్చి చెప్పలేదనియు, అడుగుటకు తనకు మొగమోటమనియు ఆమె చెప్పినది. వసతిగృహపు రిజిష్టరు చూచి, మరునాడే పోయి పేరు చెప్పితిమి. సెలవులు ముగిసిన పిదప ఆ బాలుని సైకిలు వెనుక కూర్చుండబెట్టుకొని తీసికొనిపోయితిమి. వాడు భయపడుచు రఘువంశశ్లోకములు నాలుగు చదివెను, ఒకచోట తప్పినాడు. మేము దిద్దబోవగా ఆమె మమ్ము వారించినది.

మరియొకరి విషయము చెప్పవలసియున్నది. చెప్పుట కష్టము. కాలువలశాఖలో లస్కరుగా పనిచేసి విరమించిన పెద్దాయన యొకరు గట్టుప్రక్కనే యొంటరిగ నుండిరి. ఎనుబదినాలుగేండ్లు. చెవి వినబడదు గనుక ఆయనకు ఫోను నిరర్థకము. దగ్గరకు పోయి బిగ్గరగా మాటలాడవలయును. పడవలు ధాన్యపు బస్తాలతో నడచిన దినములను, లాకు తెరచి నీటిమట్టము సరిచేసి పడవను దాటించు విధమును ఆయన చేతులతో చూపి చెప్పుచుండగా, మేము చదివిన పుస్తకములెల్ల పొల్లని తోచెడిది. ఆయనకు కాకరకాయ యన్న ప్రీతి. మేము దినము విడిచి దినము ఆరుగంటలకు ఆయన యింటికి చేరుచుంటిమి. కాలువకు క్రొత్తనీరు వచ్చునాడు గట్టుమీద కూర్చుండి చూతమని మాతో నొప్పందము చేసికొనిరి.

మే నెల మూడవ వారమున, మార్గమున కుక్క యడ్డము వచ్చి మా గృహిణి సైకిలుతో పడినది. ఎముక విరుగలేదు, మణికట్టు బెణికినది. పండ్రెండుదినములు కదలరాదనిరి. వార్త తెలిసిన పిల్లలు ఫోనుచేసి ఆ సైకిళ్లు అమ్మివేయుమని కోపగించిరి. విచిత్రమేమనగా, మేము పోయి చూచినవారే ఆ దినములలో మమ్ము చూడవచ్చిరి. ఆటోలో వచ్చినవారు, మనుమని బండిమీద వచ్చినవారు, కఱ్ఱపోటు వేసికొని నడచివచ్చినవారు. గడప దాటి యేండ్లయిన ఆ తొంబదేండ్ల అమ్మగారు ఆటో పిలిపించుకొని, వెన్నకాచిన నేయి పట్టుకొని వచ్చినది. మా అరుగు పెండ్లివారి విడిదివలె నుండెను. ఆ సందడిలో లస్కరుగారు రాలేదని మేము గమనింపకపోలేదు. పాలవానిచేత కబురు పంపుదమని ఒకనాడనుకొంటిమి. రేపు పంపుదమని మరియొకనాడనుకొంటిమి.

పదుమూడవనాడు కాకరకాయల సంచితో ఒంటరిగా పోయితిమి. తలుపు తాళము వేసియుండెను. పొరుగింటియామె చెప్పినది: "పోయి నాలుగు రోజులైందండి. నిద్రలోనే పోయారు. మీరు రావటం మానేశాక కూడా రోజూ ఆరింటికి గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చునేవారు." జూన్ తొలివారమున కాలువకు నీరు వచ్చినది. మేమిద్దరము పోయి చూచితిమి. ఆనాడు మేము మాటలాడుకొనలేదు.

ఆయన మరణమునకు మేము కారణమని చెప్పుట లేదు. ఎనుబదినాలుగేండ్లవారు. కాని తొమ్మిది ఉదయములు ఆయన ఎదురుచూచిరి, ఏల రాలేదో ఆయనకు తెలియదు. ఒక దంపతుల మోకాళ్లమీదను మణికట్లమీదను ఆధారపడిన ఏర్పాటు ఏర్పాటు కాదని మాకప్పుడు తెలిసినది. మా మనవి ఇదియే. మన సంఘమునకు వివాహవేదిక యున్నది, విద్యార్థివేతనములున్నవి, సన్మానములున్నవి, శాలువలు లెక్కకు మిక్కిలిగ నున్నవి. ఒంటరిగనున్న వృద్ధుల జాబితా లేదు. ఈ పదునాలుగిండ్ల చిరునామాలను కార్యదర్శిగారి కిచ్చియున్నాము. పాలకొల్లు, ఆచంట, పోడూరు ప్రక్కలను ఇట్టివి మరియు నుండును. ఒక్కొక్క త్రోవకు ఇద్దరిద్దరు కాక, నలుగురేసి కావలయును. ఒకరు పడినప్పుడు మరియొకరు పోవుటకును, పడినవారి సంగతి ఎదురుచూచువారికి చెప్పుటకును. దీనికి చందా లక్కరలేదు. పోషకమహాశయులు చెక్కుపుస్తకములను లోనికి పెట్టుకొనవచ్చును. మాకు కావలసినది ఉదయమున రెండుగంటలు.

కారులో పోరాదా యని నిన్న యొక మిత్రుడడిగెను. పోవచ్చును. కాని కారు వచ్చి యాగినప్పుడు ఇంటివారు కాఫీకై పరుగెత్తుదురు, ఏదో పనిమీద వచ్చితిమనుకొందురు. సైకిలును గోడకు చేరవేసినవాడు తొందరలేనివాడని వారికి తెలియును.

మా గృహిణి మణికట్టు నయమైనది. పిల్లల కోపము తగ్గలేదు గాని సైకిళ్లు అమ్మలేదు. ఈ యేటి బీరగింజలు కుండలచుట్టు నాటియే వచ్చితిమి. ఆదివారము ఉదయము అయిదున్నర గంటలకు మన వసతిగృహపు ఆవరణనుండి బయలుదేరుచున్నాము. సైకిలు లేనివారికై రెండు పాతసైకిళ్లు బాగుచేయించి యుంచితిమి. అందొకటి అడ్డుకడ్డీ లేనిది. గాలిపంపు మాయొద్ద కలదు. సంచులు మీరు తెచ్చుకొనుడు. చిక్కుడుకాయలు మేము తెచ్చెదము.